సత్తు (అల్యూమినియం) దబర డిష్‌వాషర్‌లో నల్లబడింది, ఏం చేయాలి?

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి):
అందరికీ నమస్కారం. ఈమధ్యే ఇంట్లో డిష్‌వాషర్ పెట్టించాము. స్టీలు సామాన్లు తళతళలాడుతూ వస్తున్నాయి. సంగటి కెలికే సత్తు దబర, ఇడ్లీ ప్లేట్లు కూడా అందులోనే వేస్తే బూడిద రంగుకు తిరిగాయి. దబర లోపల అక్కడక్కడా నల్లటి మచ్చలు. వేలితో రుద్దితే మసి అంటుతోంది. మాది బోరు నీళ్లు, బాగా ఉప్పు. ఇది నీళ్ల వల్లా, మెషిన్ వల్లా? ఆ దబర మా అత్తమ్మది, ఆమెకు అదంటే ప్రాణం. మళ్లీ మామూలుగా అవుతుందా? అందులో వండుకోవచ్చా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు (తిరుచానూరు):
ఉప్పునీళ్లే అయ్యుంటాయి అక్కా. మా ఇంట్లో గాజు గ్లాసులన్నీ అలాగే అయిపోతున్నాయి. మెషిన్‌లో నీళ్లను మెత్తబరిచే సాల్ట్ పోశారా?

జవాబు (చిత్తూరు):
గ్లాసుల మీద పేరుకునేది తెల్లటి పొర అన్నా, అది ఉప్పునీళ్లదే. పులుపు తగిలితే కరిగిపోతుంది. అక్క చెప్పేది వేరే. తడి తెల్లగుడ్డతో దబరను తుడిచి చూడండి. గుడ్డకు బూడిద రంగు అంటితే అది అల్యూమినియమే. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

మెషిన్‌లో లోపమేమీ లేదు. డిటర్జెంట్‌కీ సత్తుకీ పడదు, అంతే. అల్యూమినియం మీద కంటికి కనపడని సన్నటి ఆక్సైడ్ పొర ఉంటుంది. గాలి తగలగానే దానంతటదే ఏర్పడుతుంది, లోపలి లోహాన్ని కాపాడేది అదే. డిష్‌వాషర్ పొడిలో, ట్యాబ్లెట్లలో సోడియం కార్బొనేట్ ఉంటుంది, అంటే మన చాకలి సోడా. చెయ్యి పెట్టి తోమకుండా జిడ్డు వదలాలంటే ఆ మాత్రం ఘాటు కావాలి మరి. నీళ్లలో కలిశాక పీహెచ్ (పులుపు, క్షారాల కొలత; 7 దాటితే క్షారం) 10, 11 దాకా పోతుంది. ఆ పొర నిలబడేది పీహెచ్ సుమారు 4 నుంచి 9 లోపే. పైగా మెషిన్‌లో నీళ్ల వేడి 60, 70 డిగ్రీల దాకా ఉంటుంది. పొర కరిగిపోయి, కింద లోహాన్ని కూడా సోడా కొంచెం కొంచెం తినేస్తుంది. మీ వేలికి అంటింది దాని తాలూకు పొడే. జిడ్డు అనుకుని ఇంకోసారి మెషిన్‌లో వేయకండి, ఇంకా నల్లబడుతుంది. డిటర్జెంట్ తగ్గించి వేసినా నెమ్మదిస్తుందే గానీ ఆగదు.

ఇడ్లీ పాత్ర నీళ్లలో చింతపండో, పిండేసిన నిమ్మచెక్కో వేస్తాం కదా, లోపల నల్లబడకుండా. ఇదీ ఆ లెక్కే. ఉప్పునీళ్లు కాగేకొద్దీ క్షారం వైపు పోతాయి, పులుపు దాన్ని విరిచేస్తుంది.

మీ దబరకూ అదే మందు. మచ్చలు మునిగేదాకా నీళ్లు పోసి, నిమ్మకాయంత చింతపండు వేసి, పది పదిహేను నిమిషాలు మరగనివ్వండి. చల్లారాక ఆ నీళ్లు పారబోసి, మెత్తటి స్క్రబ్బర్‌తో ఒకే వైపుగా రుద్దండి. బయటి వైపు చింతపండు గుజ్జు పట్టించి కాసేపాగి కడిగేయండి. కడగ్గానే పొడిగుడ్డతో తుడవాలి, తడిగా బోర్లించి వదిలేయకూడదు. ఇడ్లీ ప్లేట్లనూ ఇలాగే పులుపు నీళ్లలో మరగబెట్టండి. వంటసోడా మాత్రం వద్దు, అదీ క్షారమే. పొయ్యి బూడిదా అంతే. గిన్నెలు తోమే సబ్బు బిళ్లల్లో కూడా చాలావాటిలో సోడా ఉంటుంది, సత్తు సామాన్లకు లిక్విడ్ మేలు.

వండుకోవడం గురించి: మసి అంటడం ఆగిపోతే నిశ్చింతగా సంగటి చేసుకోండి. గుంటలు పడి గరుకుగా ఉంటే మాత్రం వంటకు వాడకండి. పులుసు, చింతకాయ పచ్చడి లాంటివి సత్తు గిన్నెలో నిలవ ఉంచకండి, పులుపుకు లోహం దిగుతుంది. శరీరంలోకి వెళ్లే అల్యూమినియం వారానికి కిలో బరువుకు 2 మిల్లీగ్రాములు దాటకూడదని ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ), డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) సంయుక్త నిపుణుల కమిటీ 2011లో చెప్పింది. 60 కిలోల మనిషికి 120 మిల్లీగ్రాములు. తిండిలో, నీళ్లలో మామూలుగా వచ్చేదంతా కలిపి ఆ లెక్క.

ప్రశ్న (శ్రీకాళహస్తి):
నల్లటి హార్డ్ అనోడైజ్డ్ కుక్కర్ వేయొచ్చా సార్? దానికి పొర మందంగా ఉంటుందంటారు కదా?

జవాబు (చిత్తూరు):
మందమే గానీ అదీ అల్యూమినియం ఆక్సైడే తమ్ముడూ, సోడాకు కరగాల్సిందే. రంగు వెలిసి తెల్లటి చారలు పడతాయి. దాన్ని చింతపండుతో వెనక్కి తేలేం. కుక్కర్ మూతనైతే ఏ రకమైనా చేత్తోనే కడగండి. విజిల్ పెట్టే గొట్టంలో మెతుకు ఇరుక్కుంటే ప్రమాదం, వెలుతురుకు పెట్టి చూసుకోవాలి.

జవాబు (మదనపల్లె):
ఇంకో మాట. నాన్‌స్టిక్ పెనాల అడుగు చాలావరకు ఒట్టి అల్యూమినియమే, అదీ నల్లబడుతుంది. చిమ్నీ జాలీలు కూడా చూసుకోండి. ట్రైప్లై స్టీలు గిన్నెల అంచు మీద వేలితో మెల్లగా తడమండి. రెండు స్టీలు రేకుల మధ్య అల్యూమినియం అరిగిపోయి ఉంటే అంచు కత్తిలా తగులుతుంది. పిల్లలు గిన్నెలు సర్దే ఇళ్లలో ఇది ముఖ్యం.

ప్రశ్న అడిగినవారు (కొర్లగుంట):
లోపలి మచ్చలు దాదాపు పోయాయి సార్, గుడ్డకు ఏమీ అంటడం లేదు. బయట అడుగున మాత్రం మబ్బుగానే ఉంది. పీచుతో గట్టిగా తోమమంటారా?

జవాబు (చిత్తూరు):
వద్దమ్మా, స్టీలు పీచుతో గీతలు పడతాయి. అడుగు పొయ్యి మీద ఉండేదే, అలా వదిలేయండి. ముందు అందులో ఒకసారి గంజి కాచి పారబోసి, తర్వాత సంగటికి పెట్టుకోండి.