నాయనమ్మ పెళ్లి ఫోటోలో ఉన్న కారు ఏది? మా బాపు అంబాసిడర్ అంటున్నాడు

పరకాల_పోరడు
అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు, ఇప్పుడు ఉండేది హన్మకొండలో. మొన్న పాత ఇల్లు సర్దుతుంటే ట్రంకు పెట్టెలో తాత, నాయనమ్మల పెళ్లి ఫోటో దొరికింది. బ్లాక్ అండ్ వైట్, అంచులు అలల్లా కత్తిరించి ఉన్నాయి. వాళ్ల వెనక ఒక కారు. ముందు సగమే కనిపిస్తోంది, మిగతాదానికి చుట్టాలు అడ్డం నిలబడ్డారు. "అది మన అంబాసిడర్, తాత కొన్నది" అని మా బాపు నా చిన్నప్పటి నుంచి చెబుతున్నాడు. కానీ మా ఇంట్లో తాత సైకిలు రశీదు కూడా దాచిపెట్టారు, కారుదైతే ఒక్క కాగితం లేదు. ఫోటో వెనక ఉర్దూ అంకెలు ఉంటే పక్కింటి పెద్దాయనతో చదివించాను, 1366 అట. తెలిసినవాళ్లు చెప్పండి.

షెడ్డు_మామ_కాజీపేట
అంబాసిడర్ కాదు తమ్మీ. బానెట్ చూడు. మొదటి అంబాసిడర్ బానెట్ మీద పొడుగ్గా గాడులు నొక్కినట్టు ఉంటాయి. నీ ఫోటోలోది నున్నగా, బోర్లించిన గంపలాగా ఉంది. ల్యాండ్‌మాస్టర్ అని నా లెక్క.

రెండూ హిందుస్థాన్ మోటార్స్ బండ్లే, రెండింటికీ మూలం ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్. దాని సిరీస్ 2 మన దగ్గర 1954లో ల్యాండ్‌మాస్టర్‌గా వచ్చింది. సిరీస్ 3 వచ్చి 1957-58లో అంబాసిడర్ అయింది. తలుపులు, టాపు చూస్తే రెండూ అక్కాచెల్లెళ్లే, అందుకే అందరూ పొరబడతారు. వెనక నుంచి చూస్తే మాత్రం చిన్న పిల్లగాడు కూడా చెప్తాడు. అంబాసిడర్ వెనక మడ్గార్డులు చివర్లో రెక్కల్లా లేస్తాయి, ల్యాండ్‌మాస్టర్‌వి గుండ్రంగా కిందికి జారిపోతాయి. అప్పగింతలప్పుడు తీసిన ఫోటో ఏదైనా ఉందేమో వెతుకు.

కరీంనగర్_కెమెరా
మాదీ ఇలాంటి కథే. మా పెద్దనాయిన పక్కన ఉన్న కారును ముప్పై ఏళ్లు "ఫారిన్ బండి" అని చెప్పుకున్నాం, ఎందుకంటే ముందు తలుపు ఉల్టా, అంటే వెనక వైపు కబ్జాల మీద తెరిచి ఉంది. తీరా చూస్తే ఫియట్ 1100. బొంబాయిలో ప్రీమియర్ వాళ్లు చేసిందే. 1950లలో వచ్చిన వాటికి ముందు తలుపులు అట్లాగే తెరుచుకునేవి.

ఇంకో ఫోటోలో స్టీరింగ్ ఎడమ వైపు ఉంది. అమెరికా కారని మా బాబాయి ఊరంతా చెప్పాడు. నేను జూమ్ చేసి చూస్తే తాత చొక్కా జేబు కుడి వైపు, పెద్దమ్మ కొంగు కుడి భుజం మీద. నెగెటివ్ తిరగేసి ప్రింటు కొట్టారంతే! బాబాయి ఇంకా మాతో సరిగ్గా మాట్లాడడు.

నంబరు ప్లేటు కనిపిస్తే అదీ పనికొస్తుంది. ఏపీ 36 లాంటి నంబర్లు 1989 తర్వాతవి. అంతకుముందు మూడక్షరాలు, పక్కన అంకెలు ఉండేవి.

మంచిర్యాల_బొగ్గు
ముందు అది నిజం కారేనా చూసుకోండి. మా నాన్న దోస్తులతో జీపులో కూర్చున్న ఫోటో ఒకటి ఉండేది. జాతరలో ఫోటో గుడారంవాళ్లు పెట్టిన అట్ట బొమ్మ అది. టైర్ల కింద నీడ లేదు, అద్దం లోంచి వెనక తెర మీది తాజ్‌మహల్ కనిపిస్తోంది.

పరకాల_పోరడు
హహ, మాది నిజందే, బానెట్ మీద పూలదండ నీడ పడింది. షెడ్డు మామా, మీరు చెప్పాక ఫోన్‌లో ఒక యాప్‌తో ఫోటో క్లియర్ చేస్తే బానెట్ మీద గీతలు వచ్చాయి. మరి అంబాసిడరేనా?

కరీంనగర్_కెమెరా
ఆ యాప్‌ను నమ్మకు అన్నా. అది ఉన్నది చూపించదు, తనకు తోచింది గీస్తుంది. మా ఫోటోలో నాయనమ్మకు ముక్కుపుడక పెట్టింది. ఫోటోను స్కానర్ మీద 600 డీపీఐలో తీసి, ఏ మార్పూ చేయకుండా పెట్టు.

పహాణీ_పంతులు
1366 గురించి ఎవరూ అడగలేదేం? అది హిజ్రీ, అంటే ముస్లిం పంచాంగం లెక్క అయితే 1946-47 అవుతుంది. అప్పటికి ల్యాండ్‌మాస్టరూ లేదు, అంబాసిడరూ లేదు. కానీ మన నిజాం ఇలాకాలో భూమి కాగితాలు, లెక్కలు నడిచింది ఫసలీలో, అంటే పంటల లెక్క సంవత్సరంలో. పాత పహాణీలు చూసినవాళ్లకు ఇది అలవాటే. ఫసలీకి 590 కలిపితే 1956. ఆ ఫసలీ ఏడాది 1957లోకి కూడా సాగుతుంది. తాతగారు ఉర్దూ మీడియంలో చదివినవారైతే ఫసలీ రాసే అలవాటు ఉండే ఉంటుంది. పెళ్లి ఏ నెలలో?

పరకాల_పోరడు
వైశాఖం సార్. మామిడికాయ పప్పు వడ్డించారని నాయనమ్మ ఇప్పటికీ చెబుతుంది.

పహాణీ_పంతులు
అయితే 1957 ఎండాకాలం. ల్యాండ్‌మాస్టర్‌కు సరిగ్గా సరిపోయింది. అంబాసిడర్ అప్పటికి పరకాల దాకా రావడం కష్టమే.

పరకాల_పోరడు
అప్పగింతల ఫోటో మేనత్త ఇంట్లో దొరికింది! వెనక భాగం పూర్తిగా కనిపిస్తోంది. రెక్కలు లేవు, గుండ్రమే. షెడ్డు మామకు దండం.

అసలు సంగతి ఇంకోటి. ఫోటోలు రెండూ నాయనమ్మ ముందు పెట్టి "ఇది మన కారేనా" అని అడిగాను. నవ్వింది. "మనకు కారెక్కడిదిరా, రైస్ మిల్లు సేటుది. పెళ్లికని అడిగి తెచ్చిన్రు, పెట్రోలు మీ తాతే పోయించిండు" అంది. ఆమె కారెక్కడం అదే మొదలట. పెట్రోలు వాసన పడక ఊరు దాటకముందే వాంతి చేసుకుందట. అప్పగింతల ఏడుపు ఆగింది అప్పుడేనట.

మా బాపు మాత్రం వినడం లేదు. "ఆమెకు మతిమరుపు, అది మన అంబాసిడరే" అంటున్నాడు.

షెడ్డు_మామ_కాజీపేట
మీ బాపును ఒకసారి షెడ్డుకు తోలుకరా తమ్మీ. బానెట్లు రెండూ బొమ్మ గీసి చూపిస్తా.