పిల్లలకు పాత జైలు చూపియ్యాలె: సంగారెడ్డి పోవాల్నా, నిజామాబాద్ ఖిల్లాకా?

నయీంనగర్ నాన్న:
అందరికీ నమస్తే. మాది హన్మకొండ. బిడ్డ తొమ్మిదో తరగతి, కొడుకు ఆరు. మా తాత తమ్ముడు 1947ల, హైదరాబాద్ సంస్థానాన్ని ఇండియాల కలపాలని చేసిన జాయిన్ ఇండియా సత్యాగ్రహంల పట్టుబడి వరంగల్ జైల్ల ఉండి వచ్చిండు. ఆయన ముచ్చట మా ఇంట్ల ఇప్పటికీ నడుస్తది. పండుగకు నలుగురు కలిస్తే చాలు, మా పెదనాయన మొదలువెడ్తడు. మొన్న మా బిడ్డ "ఆ జైలు యాడుంది నాన్నా, చూద్దామా" అన్నది. ఏం చెప్పాలె? 1886ల కట్టిన జైలు. 2021ల ఖైదీలను వేరే జైళ్లకు పంపి, గోడలు కూలగొట్టిన్రు. ఆ జాగను పెద్దాసుపత్రికి ఇచ్చిన్రు. ఆసుపత్రి అవసరమే, కాదనను. ఒక్క బ్యారక్, ఒక్క గేటన్న ఉంచితే బాగుండు అని మాత్రం ఆ రోడ్డెంట పోయినప్పుడల్లా అనిపిస్తది.

సంగారెడ్డిల పాత జైలును మ్యూజియం చేసిన్రని తెలుసు. పిల్లలతోని పోతే చూసేటంత ఉంటదా? పైసలు కట్టి ఒక రోజు ఖైదీ లెక్క ఉండే పద్ధతి పిల్లలకు పనికొస్తదా? నిజాం కాలం ముచ్చటే చెప్పాలనుకుంటే ఇంకేదన్న జైలు ఉన్నదా? పోయొచ్చినోళ్లు చెప్పున్రి.

పటాన్‌చెరు డ్యూటీ, జనగామ ఊరు:
అన్నా, నేను ఇటుదిక్కే ఉద్యోగం, సంగారెడ్డి జైలు చూసిన. తప్పకుండ తీస్కపోండి. 1796ల కట్టింది. రెండు వందల ఏండ్లు దాటినంక కూడా జైలు లెక్కనే నడిచింది. ఖైదీలను కొత్త జైలుకు మార్చినంక, 2016ల దీన్ని మ్యూజియం చేసిన్రు. లోపల బేడీలు, సంకెళ్లు, ఖైదీల బట్టలు, సిబ్బంది యూనిఫారాలు, వంట గిన్నెలు, పాత ఫొటోలు పెట్టిన్రు.

సామాను కన్న నాకు గుర్తున్నది ఆ గోడలు. కిటికీ దగ్గర చెయ్యి లోపలికి పెట్టి చూడున్రి, గోడ మందం ఎంతనో తెలుస్తది. ఎండకాలం బయట మాడిపోతుంటే లోపల చల్లగుంటది. మావోడు "ఏసీ లెక్క ఉంది" అని సంబురపడ్డడు. తలుపు దగ్గరికేసి కొంచెంసేపు ఉండమన్న. ఇగ ఆ మాట మళ్ల అనలే.

కాళ్ల బేడీల కాడ పిల్లలను నిలబెట్టి మీరే చెప్పాలె. గబగబ నడుసుకుంట పోతే పది నిమిషాలల్ల అయిపోతది. ఆ కడియాలు మడిమెల మీద రాసుకుంటుంటే మనిషి ఎట్ల నడుస్తడు, ఎట్ల పండుకుంటడు అని అడుగున్రి. జైల్లల్ల డండా బేడీ అని ఇంకో రకం ఉండేది. కాళ్ల కడియాల నుంచి నడుము దాకా ఇనుప కడ్డీలుంటయి, మోకాలు వంగదు. అది కూడా చెప్పున్రి. మా పిల్లలకు రాత్రి దాకా అదే ముచ్చట.

దారి: రైల్ల లింగంపల్లి దిగి బస్సు పట్టుడు సులువు. హైదరాబాద్ ఊర్లెకు పోయి తిరిగే పనే లేదు. సంగారెడ్డి ముంబై రోడ్డు మీదనే కదా.

ఇందూరు ఖిల్లా దగ్గరోడు:
అన్నా, మీరు అడిగినదాంట్ల చివరి మాట పట్టుకొని చెప్తున్న. నిజాం కాలం ముచ్చటే చెప్పాలంటే ముందు నిజామాబాద్ రండి. సంగారెడ్డి తర్వాతనన్న పోవచ్చు.

మా ఊరి ఖిల్లా గుట్ట మీద ఉంటది. పైన రామాలయం, కింద రఘునాథ చెరువు. ఆ కోటనే నిజాం సర్కారు జైలు చేసుకున్నది. దాశరథి కృష్ణమాచార్య గారిని వరంగల్ జైలు నుంచి ఇక్కడికే తెచ్చిన్రు. ఆ వరంగల్ జైలు మీ తాత తమ్ముడు ఉన్నదే, ఈ సంగతి మీ బిడ్డకు తప్పకుండ చెప్పున్రి. దాశరథి గారిది మీ దిక్కే, ఇప్పటి మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరు. 1925ల పుట్టిండు. ఇక్కడ గోడల నడుమ ఉన్ననాటికి ఇరవై రెండు, ఇరవై మూడేండ్ల పిలగాడు. డిగ్రీ చదివే వయసు.

కాగితం లేదు, కలం లేదు. పండ్లు తోముకునే బొగ్గుతోని నిజాంను తిట్టుకుంట గోడ మీద పద్యం రాసిండు. "నా తెలంగాణ కోటి రతనాల వీణ" అని మనం సభలల్ల, బడి గోడల మీద చూసే మాట ఆ పద్యంలదే. అదే జైల్ల వట్టికోట ఆళ్వారుస్వామి గారు కూడా ఉన్నరు. దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ఊరూరా పుస్తకాలు మోసిన మనిషి. ఒకరు పద్యాలు రాసేటోడు, ఇంకొకరు పుస్తకాలు అచ్చేసేటోడు. ఇద్దరినీ ఒకే జైల్ల పెట్టి సర్కారు ఏం సాధించిందో మీ పిల్లలనే ఆలోచించనియ్యున్రి.

సంగారెడ్డి తీరుగ అద్దాల పెట్టెలు, బోర్డులు ఇక్కడ ఉంటయని మాత్రం అనుకోకున్రి. జైలు సారంగాపూర్ దిక్కు పోయింది, కోట మిగిలింది. గోడలు పాతబడ్డయి, గడ్డి పెరుగుతది. గుడికి వచ్చేటోళ్లు గుడి చూసుకొని దిగిపోతరు. నేను పుట్టి పెరిగింది ఈ గుట్ట కిందనే కాబట్టి గట్టిగనే అంటున్న: ఇంత పెద్ద కవి ఉన్న జాగను మంచిగ సూసుకోవాలె, వచ్చిన పిల్లలకు చెప్పే మనిషిని పెట్టాలె. అట్ల అయ్యేదాక చెప్పుడు మన పని. నేనైతే మా ఇంటికి చుట్టాలొస్తే పైకి తీస్కపోయి, గోడ ముంగట నిలబెట్టి, ఆ పద్యం మొత్తం చదివిపిస్త. లోపల నోరు తెరిచి చదివితే గొంతు గోడలకు తగిలి మళ్ల మనకే వినవడ్తది. మీ బిడ్డను పద్యం నేర్చుకొని రమ్మనున్రి. అక్కడ చదివితే ఇగ మర్చిపోదు.

పొద్దుగాల్ల రండి, మెట్లు ఎక్కాలె, ఎండ పడితే కష్టం. కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగ రోడ్డు మంచిగుంటది. మంచినీళ్లు ఎంట తెచ్చుకోండి.

కొత్తవాడ మగ్గం:
అన్నలూ, నాది ఒక మాట. మన వరంగల్ జైలు కూలిపోయింది గని, దాని గుర్తు ఊర్ల ఇంకా ఉన్నది. జైల్ల ఖైదీలు నేసిన జంపఖానాలకు మస్తు పేరుండేది. పాత ఇండ్లల్ల అటక మీద చూడున్రి, ఒకటన్న దొరుకుతది. మా అమ్మమ్మ వాళ్లింట్ల పెండ్లిండ్లకు పరిచిన జంపఖానా అసొంటిదే. అంచు పీకినా దారం ఊడిరాదు, అంత బిర్రుగ నేసిన్రు. నాలుగు తరాలు దాని మీద కూసొని బువ్వ తిన్నరు. మన వరంగల్ దరీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018ల జీఐ గుర్తింపు (ఇది ఈ ఊరి సరుకే అనే గుర్తింపు) వచ్చింది. కొత్తవాడల మగ్గాలు ఇంకా నడుస్తున్నయి. నిజామాబాద్ పోయే ముందు ఒక ఆదివారం పిల్లలను ఇటు తీస్కరాన్రి, మగ్గం మీద నేసుడు చూస్తరు. జైల్ల పొద్దంత కూసొని ఆ పని చేసినోడి నడుము సంగతి వాళ్లకు సమజైతది. శిక్ష అంటే తాళం ఒక్కటే కాదు కదా.

నయీంనగర్ నాన్న:
అన్నలకు శనార్తులు. ఇందూరు అన్న చెప్పినది చదివి మా పెదనాయనకు ఫోన్ చేసిన. దాశరథి గారు వరంగల్ నుంచి అటు పోయిన సంగతి ఆయనకు ఎరుకే, "మరి నన్నెందుకు తీస్కపోతలేవు" అని కోపం చేసిండు. మెట్లు ఎక్కగలుగుతడో లేదో, ఆయన మాత్రం ఎక్కుతనంటుండు. ముందు నిజామాబాదే. బిడ్డ పద్యం రాసుకొని నేర్చుకుంటున్నది. జనగామ అన్నా, ఒక రోజు ఖైదీ లెక్క ఉండుడు గురించి చెప్పలే మీరు?

పటాన్‌చెరు డ్యూటీ, జనగామ ఊరు:
యాదిమరిచిన అన్నా. మొదలువెట్టినప్పుడు 24 గంటలకు 500 రూపాయలు. ఖద్దరు బట్టలు, స్టీలు పళ్లెం, గ్లాసు, మగ్గు, సబ్బు ఇచ్చి, జైలు నియమం ప్రకారం తిండి పెట్టేటోళ్లు. ఫోన్ లోపలికి రానియ్యరు. ఎవరి బ్యారక్ వాళ్లే ఊడ్చుకోవాలె. పోయే ముందు జైళ్ల శాఖ వాళ్లను అడిగి పోండి. నా మనసుల మాట అయితే, ఆరో తరగతి పిలగానికి అది వద్దు. పెద్దోళ్లు, కాలేజీ పిల్లలు పోతే వేరు. చిన్నోళ్లకు ఆ బట్టలు ఏసుకుంటే నాటకం వేషం తీరుగ అనిపిస్తది, ఫొటోలు దిగుతరు, అయిపోతది. దానికన్న మీ పెదనాయనను ఎంట తోల్కపోయి, ములాఖత్ అంటే ఏంది, జాలికి అటు ఒకరు ఇటు ఒకరు నిలబడి ఇంటి ముచ్చట ఎట్ల మాట్లాడుకునేటోళ్లు, మీ తాత తమ్మునికి ఇంటికెల్లి ఎవరు పోయేటోళ్లు, ఏం పట్టుకపోయేటోళ్లు, అవి చెప్పమనున్రి. పెదనాయన చెప్తున్నప్పుడు ఫోన్ల రికార్డ్ చేసి పెట్టుకోండి. లింగంపల్లి దిగినప్పుడు నాకు మెసేజ్ పెట్టండి, సెలవు దొరికితే నేను గూడ వస్త.