సాగర్‌లో మునిగిన ఊరు: తాతయ్య వాళ్ళమ్మ పేరు ఎక్కడ దొరుకుతుంది?

లోయ మనవరాలు:

మా అమ్మ పుట్టిన ఊరు ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. నాగార్జునకొండ లోయలో, కృష్ణ కుడి గట్టున, మూడు వైపులా కొండలు, నాలుగో వైపు ఏరు. సాగర్ డ్యామ్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాక లోయలో పల్లెలు ఒక్కొక్కటే లేచిపోయాయి. మావాళ్ళు మాచర్ల వైపు వచ్చేశారు.

అమ్మకి అప్పుడు ఐదారేళ్ళు. పెద్దగా ఏమీ గుర్తులేదు. ఎడ్లబండి, దాని మీద విప్పి కట్టిన ఇంటి ద్వారబంధం, ఆ చెక్కల మీద తను కూర్చుని రావడం, అంతే. ఇంకొక్కటి మాత్రం బాగా గుర్తుందంటుంది. తాతయ్య వాళ్ళమ్మ బండెక్కబోతూ మళ్ళీ దిగి, ఖాళీ ఇంట్లోకి వెళ్ళి, పొయ్యిలో చెంబెడు నీళ్ళు పోసి వచ్చిందట. నిప్పు వదిలేసి రాకూడదని.

మొన్న మామయ్య వాళ్ళింట్లో పెళ్ళికి అందరం కలిశాం కదా అని చార్ట్ పేపరు పరిచి వంశవృక్షం రాయడం మొదలుపెట్టాం. మామయ్య మగవాళ్ళ పేర్లు ఆరు తరాలు గడగడా చెప్పేశాడు. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి "ఆమెది ఫలానా ఊరు", "వాళ్ళ నాన్న పెద్ద మోతుబరి" అంటాడు తప్ప పేరు రాదు. పొయ్యిలో నీళ్ళు పోసిన ఆ పెద్దావిడని అందరూ ముసలమ్మ అనేవాళ్ళట. "ముసలమ్మ పేరు ముసలమ్మేనా?" అని అడిగితే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అమ్మమ్మ లేదు, తాతయ్య లేడు, అమ్మ కంటే ఎనిమిదేళ్ళు పెద్దదైన పెద్దమ్మ కూడా పోయింది. ఆ గడిలో పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి వచ్చేశాను.

ఒక ఆఫీసుకి వెళ్ళి అడిగాను. "ఊరే లేదు కదమ్మా, రికార్డు ఎక్కడుంటుంది?" అని పంపించేశారు.

ఇంకో చిన్న విషయం. ఆ ద్వారబంధం ఇప్పుడు మామయ్య వాళ్ళ గొడ్ల చావిడికి ఉంది. ఫోన్ లైటు వేసి చూస్తే, నిలువు చెక్కా పై చెక్కా కలిసే చోట ఉలితో చెక్కిన గాట్లు కనిపించాయి. ఒక మూల రెండు గాట్లు, పక్కన ఒక అడ్డగీత. రెండో మూల మూడు గాట్లు. ఇదేమైనా పాత లిపా? పేర్లేమైనా రాశారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

సుత్తీ ఉలీ:

లిపీ కాదు గిపీ కాదండీ. మా నాన్న వడ్రంగి, మా తాత వడ్రంగి. ద్వారబంధం విప్పేటప్పుడు ఏ కుసి (చెక్క కొసన చెక్కిన నాలుక) ఏ బెజ్జంలోది అని మర్చిపోకుండా పెట్టుకునే గుర్తులవి. రెండు గాట్ల కొస రెండు గాట్ల మూలలోకే దిగాలి. మార్చి పెడితే సందు వస్తుంది, తలుపు పట్టదు.

పేరు దొరుకుతుందని ఆశపడ్డట్టున్నారు, సారీ. కానీ ఒకటి గమనించండి. కట్టెల కింద తేవాలనుకుంటే ఎవరూ గాట్లు పెట్టరు, గొడ్డలి పెడతారు. మళ్ళీ నిలబెట్టాలనే విప్పించారు. ఆ చావిడి చెదలు పట్టకుండా చూసుకోండి ముందు.

రిటైర్డ్ ఆర్‌ఐ:

అమ్మా, ఊరు మునిగింది గానీ కాగితాలు మునగలేదు. నేను రెవెన్యూలో ముప్ఫై ఒక్కేళ్ళు చేశాను, ముంపు గ్రామాల ఫైళ్ళు చూశాను. మిమ్మల్ని పంపించేసినాయనకి లేచి బీరువా తీసే ఓపిక లేదంతే.

మీవాళ్ళ భూమిని ప్రభుత్వం 1894 భూసేకరణ చట్టం కింద తీసుకుని ఉంటుంది. ముందు 4(1) నోటిఫికేషన్ గెజెట్‌లో పడేది, తర్వాత సెక్షన్ 9 నోటీసులు, చివరికి సెక్షన్ 11 కింద అవార్డు, అంటే పరిహారం తేల్చే ఉత్తర్వు. మీకు కావాల్సింది ఆ అవార్డు. సర్వే నంబరు, విస్తీర్ణం, దాంట్లో ఇల్లుంటే ఇల్లు, బావుంటే బావి, చెట్లుంటే చెట్లు, వాటి వెల, ఆ డబ్బు ఎవరెవరికి ఎంతెంత అన్నది పేర్లతో సహా ఉంటుంది.

మీ ముత్తాతగారు ఎప్పుడు పోయారు? ఇది ముఖ్యం. 1956 జూన్‌లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. ఆ తర్వాత పోయి ఉంటే, కొడుకులతో పాటు భార్య కూడా మొదటి తరగతి వారసురాలు. ఆమె పేరు లేకుండా డబ్బు పంచడం అంత తేలిక కాదు. "లేటు ఫలానా వారి భార్య" అని రాసి, ఆమె పేరు రాసి తీరాలి.

ఎక్కడ అడగాలంటే, అప్పట్లో అదంతా గుంటూరు జిల్లా పల్నాడు తాలూకా. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా వేరుపడి నరసరావుపేట కేంద్రమైంది. కాబట్టి వీళ్ళు వాళ్ళని చూపిస్తారు, వాళ్ళు వీళ్ళని చూపిస్తారు. మీరు నోటిమాటగా అడగొద్దు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు రెండు చోట్లా పెట్టండి. తమ దగ్గర లేకపోతే, ఉన్నచోటికి ఐదు రోజుల్లో వాళ్ళే బదిలీ చేయాలని 6(3) చెబుతోంది. ఆ సెక్షన్ నంబరు దరఖాస్తులోనే రాసేయండి, మర్యాద పెరుగుతుంది.

సర్వే నంబరు తెలియకపోయినా పరవాలేదు. ఊరి పేరు, తాలూకా, "నాగార్జునసాగర్ ప్రాజెక్టు ముంపు భూసేకరణ" అనే మాట, మీ ముత్తాతగారి పేరు ఉంటే చాలు. ఊరి పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగా రాయండి.

ఇంకో మాట. 1984లో కరణాల వ్యవస్థ తీసేసినప్పుడు ఊళ్ళ దఫ్తరాలు (రికార్డుల కట్టలు) తాలూకాఫీసుకి చేరాయి, కొన్ని చేరలేదు. మీ ఊరి పాత కరణంగారి పిల్లలు ఎక్కడ స్థిరపడ్డారో కనుక్కోండి. కొన్ని ఇళ్ళల్లో అటక మీద ఇంకా ఉంటాయి.

పాత పెట్టె:

ఆర్‌ఐ గారు చెప్పింది బాగుంది. కానీ ముందు ఇంట్లో వెతకమ్మా.

నాకు డెబ్భై రెండేళ్ళు. మా అత్తగారి పేరు నా నోటితో ఒక్కసారి కూడా పలకలేదు. రేషన్ కార్డు రాయించుకోవడానికి వెళ్తే పక్కనున్న ఆవిడతో చెప్పించాను. అలాంటిది మా పెద్దమ్మాయికి ఆవిడ పేరే పెట్టారు. ఇంక పిల్లని పేరు పెట్టి ఎలా పిలవను, ఎలా తిట్టను? అందుకే దాన్ని అమ్మడూ అనేదాన్ని. అది నలభై దాటినా అమ్మడే. దాని అసలు పేరు మా వీధిలో సగం మందికి తెలియదు.

ఇప్పుడు చెప్పు. మీ తాతగారి మొదటి ఆడపిల్ల ఎవరు? ఆమెని ఇంట్లో ఏమని పిలిచేవాళ్ళు? కాగితం మీద ఏమని ఉంది?

వంశావళులు పాడే పిచ్చుగుంట్లవాళ్ళు వస్తే అడగమని నీకు ఎవరో ఒకరు చెబుతారు. అడుగు, మంచిదే. ఇంటిపేరూ గోత్రం చక్కగా చెబుతారు, మీ పూర్వీకులు ఏ ఊరి నుంచి వచ్చారో కూడా చెబుతారు. కానీ మా ఇంటికి వచ్చినాయన కూడా తండ్రీ కొడుకుల వరసే పాడాడు.

కృష్ణ అవతలి గట్టు:

మా తాతది ఏలేశ్వరం దిక్కు. అది గూడ సాగర్‌ల మునిగింది. మీకు ఎవరూ చెప్పలేదు గానీ, మధ్యల కృష్ణ ఉన్నా రెండు గట్ల మధ్య పిల్లనిచ్చుడు, తెచ్చుకునుడు ఉండేది. పుట్టిలో ఏరు దాటి పెండ్లికి పోయిన ముచ్చట మా అవ్వ చెప్పేది. మీ ముసలమ్మ పుట్టిల్లు మా వైపు కావచ్చు, కనుక్కోండి.

మా వైపు అయితే కాగితాలు వేరే. అది నిజాం ఇలాకా, నల్లగొండ జిల్లా. సేత్వార్ అడగాలి, అంటే పాత భూమి సర్వే రిజిస్టరు. 1954-55 ఖాస్రా పహాణీ అడగాలి, అంటే ఏ భూమి ఎవరిదో, ఎవరు దున్నుతున్నరో రాసిన లెక్క. పాతవి ఉర్దూల ఉంటాయి, చదివే మనిషిని వెంట తీసుకపోండి. పహాణీల పట్టాదారు ఒకరు, కాస్తు చేసేటోళ్ళు ఇంకొకరు ఉంటారు. రెండు గడులూ చూడాలి. ఆమె అన్నదమ్ముల పేర్లు దొరికితే సగం పని అయినట్టే.

చరిత్రాభిమాని:

మీ లోయ సామాన్యమైనది కాదు! అది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1926లో ఎ.ఆర్. సరస్వతి అక్కడి శిథిలాలు గుర్తించారు, తర్వాత లాంగ్‌హర్స్ట్ తవ్వించారు, నీళ్ళు రాకముందే పని ముగించాలని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు ఏలిన నేల. మీది ఆ వంశమే అయినా ఆశ్చర్యం లేదు. డీఎన్‌ఏ పరీక్ష చేయించారా?

లోయ మనవరాలు:

చరిత్రాభిమాని గారూ, మేం ఇక్ష్వాకులం కాదండీ, జొన్న పండించుకునేవాళ్ళం. తాతయ్య ఆ తవ్వకాల్లో కూలికి వెళ్ళాడని అమ్మ చెప్పింది, మాకూ వాళ్ళకీ ఉన్న సంబంధం అంతవరకే. కానీ మీరు రాసిన ఆ రెండు పేర్లు చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. రాజులు కూడా తల్లి గోత్రం చెప్పుకుని ఫలానా ఆమె కొడుకుని అనిపించుకున్నారు. అక్కడి పెద్ద బౌద్ధ స్తూపం, మహాచైత్యం, కట్టించిన చాంతమూలుడి తోబుట్టువు చాంతిసిరి పేరు పదిహేడొందల ఏళ్ళ తర్వాత కూడా రాతి మీద చదవొచ్చు. మా ముసలమ్మ పేరు డెబ్భై ఏళ్ళు కూడా నిలవలేదు.

ఆర్‌ఐ గారూ, ముత్తాత పోయింది శంకుస్థాపన అయిన రెండేళ్ళకట, అంటే 1957. మీరు చెప్పిన తేదీ తర్వాతే. రెండు దరఖాస్తులూ రేపు పోస్టులో వేస్తున్నాను.

పాత పెట్టె గారూ, మీ మాట చదవగానే ఒళ్ళు జలదరించింది. పెద్దమ్మని పుట్టినప్పటి నుంచి పోయేదాకా అందరూ చిట్టి అనేవాళ్ళు. ఓటరు కార్డులో కూడా దాన్నే సాగదీసి రాశారు. అదే అసలు పేరనుకున్నాం.

లోయ మనవరాలు (ఐదు నెలల తర్వాత):

ముందు పెట్టె సంగతి. పెద్దమ్మ కొడుకు ఇంట్లో రేకుపెట్టె అడుగున పట్టుచీర మడతల్లో పెద్దమ్మ పెళ్ళి శుభలేఖ దొరికింది. నాలుగు మూలలా పూసిన పసుపు ఎండి గోధుమరంగుకి తిరిగింది, మధ్య మడత దగ్గర చిరిగింది. అందులో చి.ల.సౌ. పక్కన చిట్టి లేదు. మేం ఎప్పుడూ వినని పేరుంది. అన్నయ్య కూడా మొదటిసారి చదివాడట, వాళ్ళమ్మ పేరే.

ముసలమ్మదీ అదే పేరని అప్పుడే అనుకోవచ్చు గానీ, అమ్మమ్మ వాళ్ళ వైపు పేరు కూడా అయ్యుండొచ్చుగా అని ఆగాను. అవార్డు నకలు పోయిన వారం వచ్చింది. ఆర్‌ఐ గారూ, అచ్చం మీరన్నట్టే జరిగింది. ఒకచోట లేదన్నారు, 6(3) గుర్తుచేస్తే రెండోచోట దొరికింది. అంతా ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది. ఊరి పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. మావాళ్ళ సర్వే నంబరు కింద రాతికట్టు బావి ఒకటి, రెండు చింతచెట్లు, ఏడు వేపచెట్లు, ఒక కొట్టం అని విడివిడిగా లెక్కగట్టారు. చదివి వినిపిస్తే అమ్మ "చింతచెట్లు మూడు" అంది. ఒకటి కరణంగారి గట్టు మీదదట, తర్వాత తనే ఒప్పుకుంది.

దాని కింద వారసుల వరస. తాతయ్య, చిన్నతాత, వాళ్ళ తర్వాత "లేటు ఫలానా వారి భార్య" అని శుభలేఖలో ఉన్న పేరే. ఒక్క దీర్ఘం తేడా. జతచేసిన రశీదులో వేలిముద్ర కూడా ఉంది, జిరాక్సులో నల్లటి మచ్చలా వచ్చింది.

పేరు ఇక్కడ రాయట్లేదు, ఏమీ అనుకోవద్దు. చెట్ల లెక్కయితే అమ్మకి ఫోన్లో చదివాను గానీ పేరు చదవలేదు. ఆదివారం వెళ్ళి ఎదురుగా కూర్చుని చెబుతాను.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఆ పేరు కింద ఇంకో ఆడమనిషి పేరుంది. ఆమె పక్కన కూడా "లేటు ఫలానా వారి భార్య" అనే ఉంది. తాతయ్యకీ చిన్నతాతకీ సమానంగా వచ్చింది. వీళ్ళిద్దరికీ వాళ్ళలో సగం చొప్పున వచ్చింది. మామయ్యకి ఫోన్ చేసి అడిగితే "సిగ్నల్ లేదు" అని పెట్టేశాడు.

రిటైర్డ్ ఆర్‌ఐ:

లెక్క సరిగ్గానే ఉందమ్మా. ఇద్దరు భార్యలుంటే ఇద్దరికీ కలిపి ఒక్క వాటా, దాన్ని వాళ్ళు చెరిసగం పంచుకోవాలి. రెండో ఆవిడ పేరు అవార్డులోకి ఎక్కిందంటే ఆ పెళ్ళి 1949కి ముందుదై ఉంటుంది. అప్పట్లో గుంటూరు జిల్లా ఉన్న మద్రాసు రాష్ట్రంలో రెండో పెళ్ళి కుదరదని చట్టం చేసింది ఆ ఏడాదే. అంటే ఆవిడ చాలాకాలం ఆ ఇంట్లోనే, లేదా దగ్గర్లోనే ఉన్నట్టు లెక్క. రశీదులు ఇంకోసారి చూడండి. రెండో వేలిముద్ర ఉందా?

లోయ మనవరాలు:

ఉంది. పక్కపక్కనే.

పాత పెట్టె:

ఇలాంటివి మామయ్యని ఫోన్లో అడక్కూడదమ్మా. వెళ్ళు. భోజనాలయ్యాక ఆయన మంచం మీద ఒరిగి, చుట్టుపక్కల కోడళ్ళెవరూ లేనప్పుడు, "బండి మీద ముసలమ్మ పక్కన ఇంకెవరు కూర్చున్నారు మామయ్యా?" అని అడుగు. పేరు అడక్కు. బండి సంగతి అడుగు.