హంతకుల కారు స్టార్ట్ కావాలని మనం ఎందుకు కోరుకుంటాం?

ప్రశ్న:
బిల్లీ వైల్డర్ 1944లో తీసిన ‘డబుల్ ఇండెమ్నిటీ’ని ఈ మధ్య నారాయణగూడలో కొందరు మిత్రులతో కలిసి చూశాను. ఇన్సూరెన్స్ ఏజెంటు వాల్టర్ నెఫ్, ఫిలిస్ కలిసి ఆమె భర్తను చంపి, శవాన్ని రైలు పట్టాల మీద వదిలి కారెక్కుతారు. ఆమె తాళం ఎంత తిప్పినా ఇంజను అందుకోదు. ఆ కాసేపూ మా గదిలో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. నెఫ్ చేయి చాచి తాళం తిప్పగానే ఇంజను అందుకుంది, అందరం తేలికపడ్డాం. డబ్బు కోసం మనిషిని చంపినవాళ్లు దొరికిపోకూడదని మనం కోరుకున్నామంటే, ఇలాంటి నేర సినిమాలు మంచిచెడ్డల మధ్య గీతను చెరిపేస్తున్నట్టేనా?

మొదటి జవాబు:
చెరిపేయడం లేదండీ. గీత ఎక్కడుందో నెఫ్‌కు బాగా తెలుసు కాబట్టే, ఒంట్లో తూటాతో ఆఫీసుకు వచ్చి, మాటలు రికార్డు చేసే డిక్టాఫోన్ ముందు కూర్చుని, డబ్బు కోసమూ ఒక స్త్రీ కోసమూ చంపానని, చివరికి రెండూ దక్కలేదని తానే చెప్పుకుంటాడు. కథంతా అతని గొంతులోనే వింటున్నందువల్ల అతని భయం మనకూ అంటుకుంటుంది.

సినిమాల్లో ఏం చూపవచ్చో, ఏం చూపకూడదో నిర్దేశించే హాలీవుడ్ నియమావళి ప్రొడక్షన్ కోడ్ 1934 నుంచి కఠినంగా అమలైన ఆ రోజుల్లో నేరస్థుడికి శిక్ష తప్పినట్టు చూపించడానికి వీల్లేదు. అయినా గ్యాస్ చాంబరులో నెఫ్‌కు మరణశిక్ష అమలు చేసే దృశ్యాన్ని వైల్డర్ చిత్రీకరించి కూడా తీసేశాడు. ఇప్పుడున్న ముగింపు అంతకన్నా గొప్పది. సినిమా పొడుగునా నెఫ్ తన కంపెనీలోనే క్లెయిములు పరిశీలించే అధికారి కీస్ చుట్టకు అగ్గిపుల్ల వెలిగించి పెడుతుంటాడు. చివర్లో గుమ్మం దగ్గర కూలబడిన నెఫ్ సిగరెట్‌కు కీస్ నిప్పు ముట్టిస్తాడు. మోసాన్ని ఇట్టే పసిగట్టే ఆ మనిషి నేరాన్ని క్షమించలేదు, నేరస్థుడి మీద మమకారాన్నీ చంపుకోలేదు.

రెండో జవాబు (తార్నాక నుంచి):
మీరన్నది ఆ సినిమా వరకు నిజమే. ఆర్సన్ వెల్స్ ‘టచ్ ఆఫ్ ఈవిల్’ (1958) చూస్తే మాత్రం అంత ధీమాగా మాట్లాడలేం. పోలీసు అధికారి క్విన్లన్, బాంబు పేలుడు కేసులో అనుమానితుడి ఇంట్లో ఖాళీ చెప్పుల పెట్టెలో డైనమైట్ పెట్టి దొంగ సాక్ష్యం సృష్టిస్తాడు. ఆ పెట్టె ఖాళీగా ఉండటాన్ని ముందే చూసిన మెక్సికో అధికారి వర్గాస్ క్విన్లన్ గుట్టు బయటపెట్టడానికి పూనుకుంటాడు. తీరా చివర్లో ఆ అనుమానితుడే నేరం ఒప్పుకున్నాడని తెలుస్తుంది! నేరస్థుణ్ణి సరిగ్గా గుర్తుపట్టినంత మాత్రాన దొంగ సాక్ష్యం ధర్మమైపోదు. కానీ న్యాయం పక్షాన నిలబడిన వర్గాస్ కూడా క్విన్లన్ ప్రాణస్నేహితుడి ఒంటికి మైకు తగిలించి చాటుగా మాటలు వినవలసి వచ్చింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

మూడో జవాబు:
మీ ఇద్దరి మాటల్లోనూ ఒక లోటు కనిపిస్తోంది. నెఫ్‌కు, క్విన్లన్‌కు మనసులో ఘర్షణ ఉందని ఒప్పుకుంటున్నాం. ఫిలిస్‌ను మాత్రం మాయలాడి అని ఒక్క మాటతో తేల్చేస్తాం. నెఫ్‌ను ఒకసారి కాల్చిన ఆమె రెండోసారి కాల్చలేక ఆగిపోతుంది, అంతవరకు ఎవరినీ ప్రేమించలేదని, అతణ్ణి కూడా ప్రేమించలేదని, రెండోసారి కాల్చలేకపోయిన ఆ క్షణంలోనే తన మనసు మారిందని చెబుతుంది. నెఫ్ ఆమెను నమ్మడు, కాల్చి చంపేస్తాడు. అది అబద్ధమనడానికి మనకున్న ఆధారం నెఫ్ అపనమ్మకం ఒక్కటే. హత్య చేసి, తనకు అనుకూలంగా కథ చెప్పుకుంటున్నవాడి నమ్మకాన్ని ఈ ఒక్క విషయంలో ప్రమాణంగా ఎందుకు తీసుకోవాలి?