టమాటా మొక్కలు ఏపుగా ఉన్నాయి, పూత మాత్రం నిలవడం లేదు

హైదరాబాదులో మా మిద్దె మీద ఎనిమిది కుండీల్లో టమాటా పెంచుతున్నాను. ఫిబ్రవరి మొదట్లో నారు నాటాను. ఇప్పుడు ఏప్రిల్ మూడో వారం. మొక్కలు నా భుజాల దాకా పెరిగాయి, ఆకులు ముదురు పచ్చగా, దట్టంగా ఉన్నాయి. చూసినవాళ్ళంతా మెచ్చుకుంటున్నారు కానీ ఇంతవరకు ఒక్క కాయ కూడా పట్టలేదు. పూలు గుత్తులుగా వస్తాయి. రెండు మూడు రోజులకే పూకాడ కణుపు దగ్గర పసుపు రంగుకు తిరిగి, వేలు తగిలితే చాలు రాలిపోతాయి. రోజూ పొద్దున్నే రాలిన పూత ఊడుస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

ఎర్రమట్టి, పశువుల ఎరువు సగం సగం కలిపాను. వారానికోసారి ఆవపిండి నానబెట్టిన నీళ్ళు, మధ్యలో రెండుసార్లు యూరియా వేశాను. నత్రజని ఎక్కువై ఆకు మాత్రమే పెరుగుతోందా? లేక ఎండ కారణమా? పగలు 38 డిగ్రీలు దాటుతోంది, రాత్రి కూడా 26కు తగ్గడం లేదు. 35 దాటితే పుప్పొడి దెబ్బతింటుందని చదివాను.

యూరియా ఆపేశాను. టమాటా పువ్వు తనంతట తానే పరాగసంపర్కం చేసుకుంటుంది కాబట్టి, పుప్పొడి ఆ పువ్వులోనే రాలేలా ఉదయం పూలగుత్తులను మెల్లగా తడుతున్నాను. సగం నీడనిచ్చే పచ్చ వల కడితే ఈ వేసవిలోనే కాయ నిలుస్తుందా, లేక కొమ్మలు కత్తిరించి వానల దాకా కాపాడుకోవాలా? మిద్దె తోటల అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.