అరోరా ఫోర్ ఎక్స్: సర్వే షిప్పులు తిరగతానే ఉండాయి, డురేనియం మాత్రం దొరకట్లా

కావలి కుర్రోడు:
అన్నలూ, ఈడ అరోరా ఆడేవాళ్లు ఎవురన్నా ఉండారా? అదే, స్టీవ్ వామ్స్‌లీ అని ఒకాయన ఒక్కడే రాసి ఫ్రీగా వదిలిన స్పేస్ గేమ్, బొమ్మలేం ఉండవు, అంతా టేబుళ్లూ నెంబర్లే. నేను 2020లో వచ్చిన సి షార్ప్ వెర్షన్ ఆడతుండా. మా రూమ్మేట్ స్క్రీన్ చూసి ఆదివారం గూడా ఆఫీసు పనేనా అంటాడు.

విషయం ఏందంటే గేములో షిప్పులకీ కట్టడాలకీ కావాల్సిన డురేనియం అనే ఖనిజం భూమ్మీద అయిపోవస్తుంది, మైనింగ్ ట్యాబ్‌లో లెక్క చూస్తే ఇంక ఎక్కువేళ్లు రాదు, గాలిసైట్ అనే ఇంకో ఖనిజం అయితే అంతకన్నా ముందే సున్నా అయ్యేట్టుంది, అదిపోతే ఇంజన్లు కట్టలేం గదా. సర్వే షిప్పులు ఆరు ఉండాయి, అన్నీ ఒకే డిజైన్, ఒక్కోదాంట్లో ఖనిజాలు వెతికే జియో సెన్సార్ ఒకటి, వేరే సిస్టమ్‌లకి దారైన జంప్ పాయింట్లు వెతికే గ్రావ్ సెన్సార్ ఒకటి, ఏ పనికైనా వస్తది గదా అని. ఆరూ ఒకే ఫ్లీట్‌లో ఉండాయి, స్టాండింగ్ ఆర్డర్ (ఒకసారి చెప్తే అదే చేసుకుంటా పోయే ఆర్డర్) ఇచ్చి వదిలేస్తే వాటి పాటికి అయ్యి తిరగతుండాయి, కానీ ఏళ్లు గడిచిపోతుండాయే గానీ పని ముందుకు పోవట్లా. దానికి తోడు ఇంధనం అయిపోయి నడిమధ్యలో నిలబడిపోతాయి. పక్క సిస్టమ్‌లో ఒక కాలనీ పెట్టి లక్షల లీటర్లు దింపుంటే, షిప్పులు దాని పైనే తిరగతా గూడా ఒక్క చుక్క ఎక్కించుకోవట్లా, ఇదేం మాయో అర్థం కాట్లా.

ఇంకోటి, ఇప్పటిదాకా చూసిన వాటిలో ఒక చందమామ మీద డురేనియం 60 లక్షల టన్నులు ఉంది, యాక్సెసిబిలిటీ, అంటే ఎంత తేలిగ్గా తవ్వొచ్చో చెప్పే నెంబరు, 0.1. ఒక తోకచుక్క మీద 40 వేల టన్నులే, కానీ 0.9. నాకైతే ఆ 60 లక్షలు చూసి వదలబుద్ధి కావట్లా. ఏది తవ్వేది?

చీమకుర్తి బావ:
తమ్ముడూ నేను చీమకుర్తిలో గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్ని, రాత్రిళ్లు ఈ గేమ్, పగలు అసలు తవ్వకం, నీ ఆఖరి ప్రశ్నకి మాత్రం నేనే చెప్పాలి. మా కాడ కొండ మొత్తం బ్లాక్ గెలాక్సీ రాయే, రాయికేం కొదవ లేదు. కానీ డైమండ్ వైరుతో కోసి బెంచీ పడేసినాక దాని మీద నీళ్లు కొట్టి చూస్తాం, నీళ్లు ఆరేటప్పుడు సన్న గీత ఒకటి తడిగా మిగిలిపోయిందా, అంతే, ఆడ లోపల పగులు ఉన్నట్టు, పెద్ద పలకలు కోసే గ్యాంగ్‌సా మిషనుకి పోవాల్సిన బ్లాకు చిన్న కట్టర్ సైజుకి పడిపోద్ది, మిగిలింది డంపుకి పోద్ది. అందుకే మా ఓనరు ఎప్పుడూ కొండ ఎంత పెద్దది అని అడగడు, రికవరీ ఎంతొచ్చింది అనే అడుగుతాడు. నీ గేములో యాక్సెసిబిలిటీ అంటే అదే అనుకో.

లెక్క చూడు. మొదట్లో ఒక మైను ఏడాదికి 10 టన్నులు తీసిద్ది, దాన్ని యాక్సెసిబిలిటీతో గుణించాలి. నువ్వు పనోళ్లు లేకుండా నడిచే ఆటోమేటెడ్ మైన్లు 100 చందమామ మీద దించితే డురేనియం ఏడాదికి 100 టన్నులు వచ్చిద్ది. అయ్యే మైన్లు తోకచుక్క మీద దించితే 900 టన్నులు. నీ 60 లక్షలు ఆ 100 మైన్లతో తియ్యాలంటే 60 వేల ఏళ్లు పట్టిద్ది, అప్పటిదాకా నువ్వుంటావా నీ సామ్రాజ్యం ఉంటదా.

ఇంకోటి చాలామంది చూడరు, మైను ఒక్క డురేనియమే తియ్యదు, ఆ బాడీ (గ్రహమో రాయో) మీద ఏమేం ఉన్నాయో అన్నీ ఒకేసారి తీసిద్ది, ఒక్కోదానికి దాని యాక్సెసిబిలిటీ ప్రకారం. కాబట్టి ఒకే మినరల్ 1.0 ఉన్న రాయి కంటే అయిదు మినరల్స్ 0.7 ఉన్న రాయి మేలు, అయితే ఆ అయిదూ నీకు పనికొచ్చేవి అయ్యుండాలి. తోకచుక్కల మీద మామూలుగా రకాలు ఎక్కువ ఉంటయ్, యాక్సెసిబిలిటీ గూడా బాగుంటది, అందుకే ముందు వాటినే వెతుకు. సగం తవ్వినాక యాక్సెసిబిలిటీ మెల్లగా తగ్గడం మొదలయిద్ది, అది గూడా లెక్కలో పెట్టుకో.

పెన్నా ఒడ్డు:
బావా రికవరీతో పోల్చబాక, ఆడ తప్పుతోవ పడతాడు పిల్లోడు. మీ క్వారీలో డంపుకి పోయింది పోయినట్టే. గేములో 0.1 అంటే తొమ్మిది వంతులు పోయినట్టు కాదు, మొత్తం ఆడే ఉంటది, రావడం ఆలస్యం అంతే. కాబట్టి ఆ చందమామని చెత్తబుట్టలో వెయ్యాల్సిన పన్లేదు తమ్ముడూ. ఆర్బిట్ నుంచి సర్వే అయినాక దానికి గ్రౌండ్ సర్వే పొటెన్షియల్ ఏమొచ్చిందో చూడు, గుడ్ గానీ హై గానీ ఎక్సలెంట్ గానీ ఉంటే జియోసర్వే పరికరాలున్న గ్రౌండ్ యూనిట్లని దించు. కొత్త మినరల్ బయటపడొచ్చు, ఉన్నదాని యాక్సెసిబిలిటీ గూడా పెరగొచ్చు. మినిమల్ అని ఉంటే మాత్రం దండగ, పట్టించుకోబాక. కానీ ఇప్పుడున్న తొందరలో బావ చెప్పినట్టు తోకచుక్కే, దాంట్లో నాకేం తేడా లేదు.

ఒంగోలు గిత్త:
మైనింగ్ సంగతి వాళ్లు చెప్పారు, నేను ఫ్లీట్ సంగతి చెప్తా, అసలు రోగం ఆడే ఉంది.

ఆరు షిప్పులు ఒకే ఫ్లీట్‌లో పెడితే అన్నీ కలిసి ఒకే రాయి దగ్గరికి పోతయ్. సర్వే పాయింట్లు కలుస్తయ్ నిజమే, కానీ చిన్న ఆస్టరాయిడ్‌కి కావాల్సిన పాయింట్లే కొన్ని, అది ఒక్క షిప్పు గంటల్లో తేల్చేస్తది, మిగతా అయిదూ ఊరికే వెంట పోయొచ్చినట్టు. సర్వేలో టైమంతా తినేది ప్రయాణం, స్కానింగ్ కాదు. పెద్ద గ్రహాలకైతే పాయింట్లు బాగా కావాలి, ఆడ మాత్రం రెండు మూడు కలిపితే లాభం. అందుకని ఫ్లీట్‌కి ఒక్క షిప్పు చొప్పున విడగొట్టు, విడగొట్టి ఒక్కోదానికి సర్వే నెక్స్ట్ ఫైవ్ సిస్టమ్ బాడీస్ ఇవ్వు. అన్నిటినీ ఒకే సిస్టమ్‌లో తిప్పకుండా ఒక్కో సిస్టమ్‌కి ఒకటో రెండో పంపు.

జియో గ్రావ్ రెండూ ఒకే షిప్పులో పెట్టడం నాకు అస్సలు నచ్చదు, దీని మీద ఇంగ్లీష్ ఫోరాల్లో గొడవలు పడతారు, పడనీ. గ్రావ్ సర్వే పని వేరు, ఒక నక్షత్రం చుట్టూ 30 సర్వే పాయింట్లు ఉంటయ్, అవన్నీ తిరిగితే జంప్ పాయింట్లు తేలతయ్, ఒక్క మినరల్ గూడా చెప్పదు. జియో సెన్సార్ జంప్ పాయింట్ చెప్పదు. నువ్వు రెండూ మోస్తంటే ఎప్పుడూ ఒక సెన్సార్ ఖాళీగా కూర్చోనుంటది, దాని బరువు మోయడానికి ఇంధనం తగలబెడతన్నావు. నేనైతే గ్రావ్ షిప్పులు రెండు ముందు పోయి దారి తెరుస్తయ్, తర్వాత జియో షిప్పులు పోతయ్. అవతల ఎవరైనా గ్రహాంతరవాసులు తుపాకులు పట్టుకోని కూర్చోనుంటే పోయేది ఒక్కటే షిప్పు, మిగతావి వెనకే ఆగుతయ్. జియో షిప్పుల్లో జంప్ డ్రైవ్ లేకపోతే మాత్రం జంప్ పాయింట్ స్టెబిలైజ్ చేసిందాకా దాటవు, అది చూసుకో.

ఇంధనం ఎందుకు అయిపోతందో నీ ఇంజన్ చూస్తే తెలుస్తది. పవర్ మల్టిప్లయర్ (అదే సైజు ఇంజన్ నుంచి ఎంత పవర్ పిండాలో చెప్పే నెంబరు) ఎంత పెట్టావు? ఇంధనం ఖర్చు ఆ మల్టిప్లయర్‌ని 2.5 ఘాతానికి లెక్కేస్తది. అంటే 1 నుంచి 0.5కి దింపితే ఒక్కో పవర్ యూనిట్‌కి ఖర్చు 18 శాతానికి పడిపోద్ది. స్పీడు తగ్గుద్ది, తగ్గనీ, సర్వే షిప్పుకి రేసులెందుకు. ఇంజన్ సైజు గూడా పెద్దది ఒకటి పెట్టు, చిన్నవి నాలుగు పెట్టడం కన్నా అది తక్కువ తాగిద్ది.

ఇక కాలనీలో ఇంధనం ఉన్నా ఎక్కించుకోవట్లేదన్నావే, ఆడ రీఫ్యూయలింగ్ స్టేషన్ గానీ స్పేస్‌పోర్ట్ గానీ ఉందా? ఈ సి షార్ప్ వెర్షన్‌లో కాలనీలో ఊరికే ఇంధనం ఉంటే చాలదు, ఎక్కించే ఏర్పాటు ఉండాలి. లేదంటే రీఫ్యూయలింగ్ సిస్టమ్ ఉన్న ట్యాంకర్ ఒకటి ఆడ ఆపాలి. ఒక స్టేషన్ కట్టి ఫ్రైటర్‌లో తీసకపోయి దించు, అయిపోద్ది. దించినాక కండిషనల్ ఆర్డర్ గూడా పెట్టు, ఇంధనం 30 శాతం కంటే తగ్గితే కాలనీకి పోయి ఎక్కించుకోమని. బాగా దూరం పోయే షిప్పులకి 40 గానీ 50 గానీ పెట్టు.

డిప్లాయ్‌మెంట్ టైమ్, అంటే సిబ్బంది ఎన్నాళ్లు బయట తిరగగలరనేది, అది గూడా చూడు. అది దాటిపోయిందంటే సిబ్బంది మొరేల్ పడిపోద్ది, అప్పుడప్పుడు జనం ఉన్న కాలనీ దగ్గర ఆపాలి. ఆఫీసర్లలో సర్వే బోనస్ ఉన్నోళ్లని వెతికి ఈ షిప్పులకే కెప్టెన్లుగా వెయ్యి, ఫ్లీట్లకి పైనుండే ఆఫీసు, నావల్ అడ్మిన్ కమాండ్‌ని సర్వే టైపుగా పెట్టి దానికింద ఫ్లీట్లన్నీ తోసెయ్యి, ఊరికే వచ్చే లాభం అది.

కావలి కుర్రోడు:
గిత్తన్నా దండం పెట్టాలి నీకు. స్టేషన్ లేదన్నా ఆడ, ఇప్పుడే కట్టి పంపించా, దించీదించగానే అన్నీ వరసగా ఎక్కించుకుంటుండాయి. ఫ్లీట్లు గూడా విడగొట్టినా. పవర్ మల్టిప్లయర్ 1.25 ఉంది, కొత్త డిజైన్ చేస్తుండా 0.5తో.

తోకచుక్క గురించి ఇంకోటి అడగాల. అది సోల్, అంటే మన సూర్యుడి సిస్టమ్‌లోనే ఉంది, కానీ శని గ్రహం అవతలికి పోతుంది. మైన్లు తీసకపోవడం సరే, తవ్విన సరుకు మళ్లా మళ్లా ఫ్రైటర్లతో తేవాలా? అంత దూరం పోయి వచ్చేదానికి ఇంధనం అంతా దానికే అయ్యేట్టుంది. 100 ఆటోమేటెడ్ మైన్లు కట్టాలంటే గూడా భూమ్మీద దానికి కావాల్సిన కొరండియం ఖనిజం సరిపోయేట్టు లేదు.

చీమకుర్తి బావ:
ఫ్రైటర్లు ఎందుకు, మాస్ డ్రైవర్ పెట్టు. ఒకే సిస్టమ్‌లో ఉంటే చాలు, సరుకుని ప్యాకెట్లుగా కట్టి భూమికి విసిరేసిద్ది, ఇంధనం ఖర్చు లేదు. ఒక మాస్ డ్రైవర్ ఏడాదికి 5000 టన్నులు పంపిద్ది, నీకు ఒకటి చాలు. కానీ భూమ్మీద గూడా ఇంకో మాస్ డ్రైవర్ ఉండాల, అది పట్టుకుంటది. లేదనుకో, ఆ ప్యాకెట్లు వచ్చి నేరుగా భూమ్మీద పడి జనాన్ని చంపుతయ్, నవ్వులాట కాదు నిజంగానే. భూమ్మీద ఉన్న డ్రైవర్ని ఎప్పుడన్నా వేరే కాలనీకి మార్చాలనుకుంటే ముందు తోకచుక్క దగ్గర డెస్టినేషన్ తీసెయ్యి.

పెన్నా ఒడ్డు:
కొరండియం గురించి మంచిగా అడిగినావు, మైన్లకి కావాల్సింది అదే, డురేనియం వెంట పరిగెత్తతా దాన్ని మర్చిపోతారు చానామంది. కొత్తవి కట్టబాక. భూమ్మీద మామూలు మైన్లు ఎట్టా ఖాళీ అయిపోతుండాయి గదా, ఇండస్ట్రీ ట్యాబ్‌లో మామూలు మైనుని ఆటోమేటెడ్‌గా మార్చే ప్రాజెక్ట్ ఒకటి ఉంటది, కొత్తది కట్టేదానికన్నా చవక, ఆటోమేటెడ్ మైను కొత్తగా కట్టాలంటే మామూలు దానికి డబుల్ అవుతుంది. మామూలు మైనుకి 50 వేల మంది పనోళ్లు కావాలి, మార్చేకొద్దీ వాళ్లంతా ఫ్యాక్టరీలకి మిగులుతారు. గాలిసైట్ అయిపోయిందాకా మాత్రం భూమ్మీద కొన్ని మైన్లు కదిలించకుండా ఉంచు.

సర్వే గురించి నా మాట ఒకటే, గిత్త చెప్పినట్టు అన్ని సిస్టమ్‌లకీ చెల్లాచెదురుగా పంపడం నాకు ఇష్టం లేదు. నీకు గాలిసైట్ కావాలి. ముందు సోల్‌లో ఒక్క ఆస్టరాయిడ్ గూడా మిగలకుండా చూడు, ఆ తర్వాత మినరల్ సెర్చ్ విండోలో గాలిసైట్ 0.5 పైన అని ఫిల్టర్ పెట్టు, వచ్చింది చాలదంటే అప్పుడు బయటికి పో. కాలం అయ్యేకొద్దీ ప్రైవేట్ కంపెనీలు గూడా మంచి రాళ్ల మీద సివిలియన్ మైనింగ్ కాంప్లెక్స్‌లు పెట్టేసుకుంటయ్, వాళ్ల సరుకు నువ్వు డబ్బులిచ్చి కొనుక్కోవచ్చు, లేదంటే పన్ను తీసుకోని వాళ్లకే వదిలేయొచ్చు. నీకు డబ్బులుంటే కొను.

ఒంగోలు గిత్త:
సోల్ ముందు అనేది ఒప్పుకుంటా. కానీ గ్రావ్ షిప్పులు రెండూ ఆ లోపల ఖాళీగా ఎందుకు కూర్చోవాలి, అవి పక్క సిస్టమ్‌లకి పోతానే ఉండాలి, లేదంటే సోల్ అయిపోయిననాడు జియో షిప్పులకి పోయేదానికి దారే ఉండదు. ఇంకోటి తమ్ముడూ, సర్వే చేసేటప్పుడు గ్యాస్ జెయింట్‌లని వదిలిపెట్టొద్దు, టైం పడతది నిజమే, కానీ ఇంధనం తయారయ్యే సోరియం ఖనిజం దొరికితే ఆడ దాన్ని తీసే హార్వెస్టర్ షిప్పు ఆపి ఇంధనం ఆడే తీసుకోవచ్చు, భూమ్మీద సోరియం మీద భారం తగ్గుద్ది.

కావలి కుర్రోడు:
గురు గ్రహం సర్వే ఇప్పుడే అయింది అన్నా, సోరియం ఉంది, యాక్సెసిబిలిటీ 0.8. హార్వెస్టర్ డిజైన్ పెడతా రేపు, చూసి చెప్పండి. మాస్ డ్రైవర్ ముందు భూమ్మీద కట్టుకుంటా, ఆ తర్వాతే తోకచుక్క జోలికి పోతా.