సమస్య: కత్తి లేనివాడె కదన మేలు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. గణాలు అయిదూ సూర్యగణాలే, యతి క–క. సందర్భం డంజన్స్ అండ్ డ్రాగన్స్, అంటే ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర తీసుకుని పాచికలతో కథ నడిపే ఆట. పాచికలు వేసేముందు ఏ క్లాస్ (పాత్ర చేసే వృత్తి) తీసుకోవాలో తేల్చుకోవాలి కదా, పూరణ ఆ ఎంపిక గురించి ఉండాలి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆట తెచ్చినప్పుడు క్లాసులు మూడే: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్ (దేవుడి శక్తితో పోరాడే పూజారి). మరుసటి ఏడు దొంగ వచ్చి చేరాడు. 2014 నియమాల పుస్తకానికి వచ్చేసరికి 12 అయ్యాయి. ఏ కాలపు నియమాలతో రాస్తున్నారో పద్యం కింద చెప్పండి. తప్పొప్పులు దాన్నిబట్టే చూస్తాను.

పూరణ 1:

కవచ మొకటి లేదు కరమందు పొత్తమె
ఆయు వన్న నారె యంతె సుమ్ము
వేలు చాప నగ్గి వెల్లువై పారును
కత్తి లేనివాడె కదన మేలు

నా క్లాస్ విజార్డ్ (మాంత్రికుడు), 2014 నియమాలు. మూడో పాదంలో చెప్పింది ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రం.

నిర్వాహకుడు:
"ఆరె యంతె సుమ్ము" చాలా బాగుందమ్మా, ఎదురుగా కూర్చుని చెప్పినట్టుంది. "పొత్తమె" తర్వాత పాదం అచ్చుతో మొదలైంది. "యాయు వన్న" అని రాస్తే సంధి కుదురుతుంది, యతికీ ఇబ్బంది లేదు.

ఇక అసలు చిక్కు లెక్కలో ఉంది. ఆయువు (ఎంత దెబ్బకు తట్టుకుంటాడో చెప్పే అంకె) ఆరు ఉండేది మొదటి లెవెల్‌లో, అంటే పాత్ర తొలి మెట్టులో, అదీ కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) వల్ల ఏమీ కలిసిరాకపోతేనే. ఫైర్‌బాల్ మూడో స్థాయి మంత్రం, విజార్డ్‌కు అయిదో లెవెల్‌లో గానీ అందదు. రెండో పాదంలో ఉన్నవాడు మూడో పాదంలోని పని చేయలేడన్నమాట. అందుకని "వేలు" తీసేసి "వేళ్లు" అనండి. బొటనవేళ్లు రెండూ ఆనించి మిగతా వేళ్లు చాపి మంట వదిలే బర్నింగ్ హ్యాండ్స్ మొదటి లెవెల్ విజార్డ్‌కే దొరుకుతుంది. పదిహేను అడుగుల మేర మంట, ఆరు ముఖాల పాచికలు మూడు వేసినంత దెబ్బ. గణం మారదు, యతి మారదు, పద్యం నియమానికి కట్టుబడుతుంది.

పూరణ 1 రాసినవారు:
వేళ్లు! ఒక్క అక్షరంతో సరిపోయింది మాస్టారూ. ఆ "ఆరె" అన్న మాట నా మొదటి ఆటలోంచి వచ్చింది. గోబ్లిన్ (ఆటలో ఎదురయ్యే పొట్టి రాక్షసి) బాణం వేసింది. దాని దెబ్బ ఆరు ముఖాల పాచిక మీద పడినదానికి రెండు కలిపి. పాచిక మీద నాలుగు పడింది, రెండు కలిపితే ఆరు. నా ఆయువూ ఆరే. మొదటి పోరులో, మొదటి బాణానికే పడిపోయాను. అయినా క్లాస్ మార్చుకోలేదు.

పూరణ 2:

పదును గలది చేత బట్టగా రాదని
గదను దాల్చు నతడు కట్టు గట్టు
వేల్పు పేరు జెప్ప వెనుదీయు భూతాలు
కత్తి లేనివాడె కదన మేలు

క్లెరిక్. 1974 నియమాలు.

నిర్వాహకుడు:
సమస్య అడిగినదానికి సూటిగా తగిలిన పూరణ ఇదే. తొలినాటి ఆటలో క్లెరిక్‌కు పదునున్న ఆయుధం నిషిద్ధం. కవచం తొడగొచ్చు, గద పట్టొచ్చు, కత్తి మాత్రం ముట్టకూడదు. 2014 నియమాల్లో ఆ నిషేధం లేదు కాబట్టి కాలం పేర్కొనడం మంచిదైంది. గాయాలు మాన్పడాన్ని, చచ్చి లేచిన పీనుగులను దేవుడి పేరుతో తరమడాన్ని రెండు పాదాల్లో పెట్టారు. మొదటి పాదంలో ప–బ యతి, రెండో పాదంలో గ–క యతి, రెండూ శుద్ధం.

పూరణ 3:

పాట పాడి తోటి సఖులకు బలమిచ్చు
మాట తోడ శత్రు మనసు విరుచు
వీణ చాలు నతని వెనుక సైన్యము నిల్చు
కత్తి లేనివాడె కదన మేలు

బార్డ్ (పాటతో మంత్రాలు వేసేవాడు) మీద రాశాను, 2014 నియమాలు. ఇది నా మొదటి పద్యం. యతి అంటే టెన్షన్‌గా ఉంది, తప్పులుంటే మన్నించండి.

నిర్వాహకుడు:
మొదటి పద్యంలోనే గణాలన్నీ కుదిరాయి తమ్ముడూ, సంతోషం. తప్పు ఒక్కచోటే. మొదటి పాదంలో పా–స యతి చెల్లదు. "సఖులకు" బదులు "వారికి" అంటే సరి. పవర్గంతో వకారానికి మైత్రి ఉంది, పా–వా చెల్లుతుంది. నగణం మీద లఘువు పోయి భగణం వస్తుంది, రెండూ ఇంద్రగణాలే. పైగా "తోటి సఖులు" కంటే "తోటివారు" మన నోటి మాట.

రెండో పాదం నాకు బాగా నచ్చింది. బార్డ్ వేసే విషస్ మాకరీ అనే ఎగతాళి మంత్రం చేసే పని అదే. తిట్టు తగిలిన శత్రువుకు నాలుగు ముఖాల పాచికంత దెబ్బ, ఆపైన వాడి తర్వాతి దాడి కూడా బలహీనమవుతుంది.

పూరణ 2 రాసినవారు:
ఒక సందేహం. 2014 నియమాల్లో బార్డ్ కత్తి పట్టొచ్చు కదా? రేపియర్, షార్ట్‌స్వోర్డ్, లాంగ్‌స్వోర్డ్ మూడూ అతనికి వచ్చు.

నిర్వాహకుడు:
నిజమే. కానీ "వీణ చాలు" అన్న రెండు మాటలు ఆ సందేహం తీరుస్తున్నాయి. కత్తి పట్టగలిగి కూడా వద్దనుకున్నవాడు ఇతను. క్లెరిక్‌కు అది నియమం, బార్డ్‌కు ఇష్టం. క్లాస్ ఎంచుకునేటప్పుడు ఈ తేడా చాలా పెద్దది. తమ్ముడూ, ఆ రెండు మాటలు ఎట్టి పరిస్థితిలోనూ మార్చకు.

పూరణ 4:

తెరను నిలిపి వెనుక తీర్పరియై యుండు
వేరు వేరు గొంతు విప్పుచుండు
తనకు పాత్ర లేదు తక్కిన వారాడ
కత్తి లేనివాడె కదన మేలు

క్లాస్ తీసుకోనివారి గురించి కూడా ఒక పద్యం ఉండాలనిపించింది. ఆట నడిపించే డంజన్ మాస్టర్ ఇతను.

నిర్వాహకుడు:
ఇది నాకు తట్టలేదు. మిగతావాళ్లంతా 12 క్లాసుల్లో వెతుక్కుంటుంటే మీరు తెర వెనక్కి వెళ్లారు. గోబ్లిన్‌కూ, రాజుకూ, పూటకూళ్లమ్మకూ ఒకే మనిషి గొంతు ఇస్తాడు. "వేరు వేరు గొంతు విప్పుచుండు" అన్నప్పుడు ఆ గొంతులు వినబడ్డాయి. సవరణలేమీ లేవు.

పూరణ 5:

ముందు నిలిచి దెబ్బ మోయువా డుండగా
వెనుక మంత్ర మొకడు వేయు గాక
యెవరు పలికిరయ్య యీ వింత మాటలు
"కత్తి లేనివాడె కదన మేలు"

నేను ఎప్పుడూ ఫైటరే (యోధుడే). కొత్తవాళ్లకు ఫైటర్ ఇస్తారని, తెలిసినవాళ్లు విజార్డ్ తీసుకుంటారని ఒక మాట నడుస్తుంది. అది నాకు బాధగా ఉంటుంది. దెబ్బ కాయడం తెలివితక్కువ పని కాదు.

నిర్వాహకుడు:
సమస్యను పరుల మాటగా మార్చి కాదనడం అవధానుల నుంచి వచ్చిన దారే. ఎ–ఈ స్వరయతి కూడా చక్కగా పడింది. ఫైటర్‌కు ఆయువు పాచిక పది ముఖాలది, విజార్డ్‌కు ఆరు. ఆ తేడా ఎందుకు పెట్టారో మీ మొదటి పాదం చెబుతోంది.

పూరణ 1 రాసినవారు:
అన్నా, ఆ రోజు మా బల్ల దగ్గర ఫైటర్ ఎవరూ లేరు. అందుకే గోబ్లిన్ బాణం నేరుగా నాకు తగిలింది.

పూరణ 5 రాసినవారు:
ఈసారి ఆడేటప్పుడు పిలువమ్మా, ముందు నేను నిలబడతాను.

నిర్వాహకుడు:
వచ్చే వారానికి తేటగీతి పాదం: "చచ్చినట్టి వీరుడు లేచి జయము గొట్టె". యతి చ–జ. ఆయువు సున్నాకు పడినవాడు వేసే పాచికల నియమం ఒకసారి చదువుకుని రండి.